డబ్లిన్ పటాలం జెండా మీద చందుర్తి ఎలా చేరింది? రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్, వాళ్ళ స్మారకాలు

చిత్రాడ_చెరువు:
అందరికీ నమస్కారం. గొల్లప్రోలు వైపు ఒక బడి గోడమీద చందుర్తి యుద్ధం గురించి చిన్న బోర్డు పెట్టే ఆలోచన ఉంది. 60, 70 మాటలకు మించకూడదు. అందులో "ఈ ఊరి యుద్ధం పేరు ఐర్లండ్ పటాలం ఒకటి తన జెండా మీద మోసింది" అనే మాట రాయొచ్చా లేదా అన్నది ముందు తేలాలి. రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ టోపీ బిళ్ళ మీద మంట కక్కే గుండు, ఆ గుండు మీద పులి, కింద ఏనుగు ఉన్నాయి. డబ్లిన్ వాళ్ళకి ఏనుగు ఎక్కడిది? ఆ పటాలానికి మన గోదావరి మెట్టతో లంకె ఏమిటి? వాళ్ళ యుద్ధ స్మారకాల్లో ఎక్కడైనా మన ఊరి పేరు కనబడుతుందా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. బోర్డు మీద ఒక్క తప్పు కూడా పోకూడదు.

దస్త్రాల_దారి:
రాయొచ్చు. కాకపోతే పటాలం వంశవృక్షం ముందు సరిగ్గా పట్టుకోవాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే.

ఈస్టిండియా కంపెనీకి మద్రాసు సెయింట్ జార్జి కోటలో విడివిడి యూరోపియన్ కంపెనీలు ఉండేవి. 1748లో స్ట్రింగర్ లారెన్సు వాటిని ఒక బెటాలియన్‌గా కూర్చాడు. అదే మద్రాసు యూరోపియన్ రెజిమెంటు. 1843కల్లా దాని పేరు 1వ మద్రాసు యూరోపియన్ ఫ్యూజిలియర్స్. 1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చాక ఈ తెల్లవాళ్ళ పటాలాలన్నీ బ్రిటిష్ సైన్యంలో కలిశాయి. 1862లో దీనికి 102వ నంబరు వచ్చి రాయల్ మద్రాసు ఫ్యూజిలియర్స్ అయింది. 1881లో నంబర్లు తీసేసి ఊళ్ళ పేర్లు పెట్టినప్పుడు 102, 103 నంబర్ల పటాలాలను జోడించారు. 103 అంటే బొంబాయి ఫ్యూజిలియర్స్. ఆ జంటే రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్. మద్రాసుది 1వ బెటాలియన్, బొంబాయిది 2వ బెటాలియన్. డిపో కిల్డేర్ జిల్లా నేస్‌లో ఉండేది.

బెంగాల్ యూరోపియన్లది ఇంకో దారి. 101, 104 కలిసి రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అయ్యాయి, డిపో ట్రలీ. మద్రాసు పేరు చూడగానే డబ్లిన్ పటాలమే అనుకోకండి. మద్రాసు 2వ యూరోపియన్ పటాలం 105వ నంబరు మీదుగా యార్క్‌షైర్ లైట్ ఇన్ఫెంట్రీలోకి వెళ్ళింది. 3వది 108వ నంబరు మీదుగా ఇన్నిస్కిల్లింగ్ ఫ్యూజిలియర్స్‌లో కలిసింది. "మద్రాసు యూరోపియన్" అని ఉన్న ప్రతి కాగితమూ డబ్లిన్ వాళ్ళది కాదు.

ఇక బిళ్ళ సంగతి. పటాలం చిహ్నాల్లో పులికి పైన ప్లాసీ, బక్సర్ అన్న పేర్లు, ఏనుగుకి పైన కర్ణాటక, మైసూరు అన్న పేర్లు ఉంటాయి. బిళ్ళ మీద చోటు లేక జంతువులు మాత్రమే మిగిలాయి. పటాలం పోరాడిన యుద్ధం పేరు జెండా మీద వేసుకునే హక్కుని యుద్ధ గౌరవం అంటారు. జెండా మీద వీటితోపాటు ఆర్కాటు, కాండోర్, వాండివాష్, పుదుచ్చేరి, నందిదుర్గం, శ్రీరంగపట్నం, మహిద్‌పూర్, లక్నో వంటివి ఉన్నాయి. ఆ కాండోరే మన చందుర్తి.

పిఠాపురం_పాతపుటలు:
కాండోర్ గురించి నేను చెబుతాను. ఇది బొబ్బిలి నుంచి మొదలవుతుంది.

1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో విజయనగరం పెద్ద విజయరామరాజు బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోట కూలింది. ఆ వెంటనే తాండ్ర పాపారాయుడు డేరాలో జొరబడి విజయరామరాజును చంపాడు. ఇదంతా మనకు బుర్రకథల్లో విన్నదే. పటాలం చరిత్రకి పనికొచ్చేది ఆ తరవాతి సంగతి. గద్దెకెక్కిన ఆనంద గజపతి రాజుకి ఫ్రెంచివాళ్ళతో చెడింది. బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్న అదను చూసి విశాఖపట్నం ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కున్నాడు. దాన్ని ఇంగ్లీషువాళ్ళకి ఇస్తాను, సైన్యం పంపండి అని మద్రాసుకీ కలకత్తాకీ కబురు పెట్టాడు. మద్రాసు ఫ్రెంచి ముట్టడి భయంలో ఉండి ఒప్పుకోలేదు. కలకత్తాలో క్లైవ్ ఒప్పుకున్నాడు.

కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ 1758 అక్టోబరులో విశాఖ రేవులో దిగాడు. సుమారు 500 మంది తెల్లవాళ్ళు, 2 వేల మంది బెంగాల్ సిపాయిలు ఆయనతో ఉన్నారు. రాజు నెలకి 50 వేల రూపాయలు సైన్యం ఖర్చుకి, 6 వేలు అధికార్లకి ఇస్తానని ఒప్పందం. ఎదట ఫ్రెంచి సేనాని మార్క్వి ద కాన్‌ఫ్లాన్స్. ఆయన దగ్గరా తెల్లవాళ్ళు 500 మందే, కానీ సిపాయిలు 6 వేలు, ఫిరంగులు ఎక్కువ. ఫ్రెంచి దండు గొల్లప్రోలు దగ్గర, ఇంగ్లీషు దండు చేబ్రోలు దగ్గర విడిసి రోజుల తరబడి ఒకళ్ళనొకళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు.

యుద్ధం మలుపు తిరిగింది కోటు రంగు దగ్గర. బెంగాల్ సిపాయిలకి ఎర్ర కోట్లు తొడిగించడం అప్పుడప్పుడే మొదలైంది. దక్షిణాదిలో సిపాయిలకి ఇంకా ఆ అలవాటు లేదు. కాన్‌ఫ్లాన్స్‌కి ఎర్రకోటు కనబడితే తెల్లవాడనే లెక్క. ఫోర్డ్ దండు నడుమ ఉన్న అసలు తెల్ల బెటాలియన్‌ని నిలువెత్తు పైరు కప్పేసింది. పక్క వరసలో ఎర్రకోటు సిపాయిలు కనబడుతున్నారు. అదే ఇంగ్లీషు బెటాలియన్ అనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళ మీద విరుచుకుపడ్డారు. సిపాయిలు చెదిరారు. ఫ్రెంచి బెటాలియన్ గెలిచామనుకుని వరస సడలించి వెంటబడింది. అప్పుడు పైరు చాటు నుంచి అసలు బెటాలియన్ బయటికొచ్చి పక్కనుంచి తుపాకులు పేల్చింది. అక్కడితో ఫ్రెంచి దండు విరిగింది. వాళ్ళ ఫిరంగులు, డేరాలు చిక్కాయి. కాన్‌ఫ్లాన్స్ గుర్రం మీద రాజమహేంద్రవరం దారి పట్టాడు.

బోర్డు రాసేవాళ్ళకి ఒక మాట. ఈ యుద్ధం తేదీ పుస్తకానికో రకంగా ఉంటుంది. 7 అని ఒకచోట, 9 అని ఇంకోచోట. "1758 డిసెంబరు" అని ఊరుకోండి, ఎవరూ తప్పు పట్టలేరు.

చిత్రాడ_చెరువు:
పాతపుటలు గారూ, చాలా థాంక్స్. ఒక సందేహం. దండు కలకత్తా నుంచి వచ్చింది, సిపాయిలు బెంగాల్ వాళ్ళు. మరి మద్రాసు యూరోపియన్ల వారసులైన డబ్లిన్ వాళ్ళకి కాండోర్ పేరు ఎలా దక్కింది? అలాగే బందరు కోట పట్టిన గౌరవం కూడా డబ్లిన్ వాళ్ళదేనని బోర్డు మీద రాయనా?

బందరు_కోట:
వద్దండీ! ఆ వాక్యం రాయకండి. ముసలీపట్నం, అంటే బందరు గౌరవం మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్‌ది. డబ్లిన్ జాబితాలో అది లేదు.

మీ మొదటి సందేహానికి జవాబు ఇది. 1756 చివర్లో కలకత్తా తిరిగి పట్టుకోవడానికి క్లైవ్ మద్రాసు నుంచి తెల్ల సైనికుల్ని తీసుకెళ్ళాడు. ప్లాసీ అయ్యాక కూడా వాళ్ళలో చాలామందిని మద్రాసుకి తిప్పి పంపలేదు. ఫోర్డ్ వెంట వచ్చిన తెల్ల బెటాలియన్ ఇలా మద్రాసు, బెంగాల్ మనుషులు కలిసిన దండు. అందుకే కాండోర్ పేరు రెండు పటాలాలకీ దక్కింది. మద్రాసు వైపు నుంచి డబ్లిన్‌కి, బెంగాల్ వైపు నుంచి మన్‌స్టర్‌కి. బోర్డు మీద "ఒక ఐర్లండ్ పటాలం" అని కాకుండా "రెండు ఐర్లండ్ పటాలాలు" అని రాయడం న్యాయం.

బందరు గురించి రెండు ముక్కలు. చందుర్తి గెలిచిన ఊపులో ఫోర్డ్ రాజమహేంద్రవరం తీసుకున్నాడు. రాజు ఇస్తానన్న డబ్బు అందక వారాల తరబడి కదల్లేకపోయాడు. తీరా 1759 మార్చిలో బందరు చేరేసరికి జీతాలు, దోపిడీ వాటా ముట్టలేదని తెల్ల సైనికులు ఎదురు తిరిగారు. ఒకవైపు హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో దగ్గరికొస్తున్నాడు. మందుగుండు రెండు రోజులకి మించి లేదు. ఏప్రిల్ 7 రాత్రి కోట మీద దాడి. కోటకి నైరుతిన బాడవ నేల, మోకాళ్ళ లోతు బురద. అటునుంచి ఎవరూ రారని లోపలివాళ్ళ నమ్మకం. కెప్టెన్ నాక్స్ సిపాయిలతో అటువైపు ఉత్తుత్తి దాడి చేస్తుంటే అసలు దెబ్బ ఈశాన్యం బురుజు దగ్గర పడింది. తెల్లవారేసరికి కోట లొంగింది. పట్టుబడ్డవాళ్ళు పట్టుకున్నవాళ్ళ కంటే ఎక్కువ. మే 14న సలాబత్ జంగ్ ఒప్పందం రాసిచ్చాడు, బందరు చుట్టుపట్ల సర్కార్లు కంపెనీకి వెళ్ళాయి. మిగిలిన ఉత్తర సర్కార్లకి 1766 దాకా, గుంటూరుకి 1788 దాకా పట్టింది.

పిఠాపురం_పాతపుటలు:
బందరు కోట గారు చెప్పింది సరైనదే. నేను అన్నదానికి ఒక చేర్పు. యుద్ధ గౌరవం పటాలానికి ఇచ్చేది కాబట్టి పటాలం పోతే మోసేవాడు ఉండడు. చందుర్తిలో ముందు దెబ్బ తిన్నది ఎర్రకోటు బెంగాల్ సిపాయిలు. బెంగాల్ సిపాయి పటాలాల్లో చాలా భాగం 1857 తిరుగుబాటుతో జాబితా నుంచే పోయాయి. విజయనగరం రాజు పంపిన 5 వేల మంది కాలిబంట్లకి మొదటినుంచీ ఏ జెండా మీదా చోటు లేదు. మనం పెట్టే బోర్డు మీదైనా వాళ్ళ మాట ఉండాలని నా పట్టు.

లిఫీ_ఒడ్డు:
డబ్లిన్‌లో ఈ పటాలం స్మారకం ఎక్కడుందని అడిగారు. ఊరి నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పార్కుకి గ్రాఫ్టన్ వీధి మూలనున్న రాతి ద్వారమే అది. ఫ్యూజిలియర్స్ ఆర్చ్ అంటారు. రోమ్‌లోని టైటస్ ద్వారం నమూనా. 1907 ఆగస్టు 19న డ్యూక్ ఆఫ్ కనాట్ తెరిచాడు. దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధంలో, అంటే 1899 నుంచి 1902 మధ్య పోయిన పటాలం మనుషులది. కాండోర్ పేరు ఇక్కడ ఉండదు, వెతక్కండి.

చాలామంది కింద నుంచి నడిచి వెళ్ళిపోతారు గానీ తల ఎత్తి చూడరు. కమాను లోపలి వంపు మీద రెండొందలకి పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. బయటి ముఖాల మీద పోరాటాల పేర్లు ఉన్నాయి: టలానా, కొలెన్సో, టుగేలా హైట్స్, హార్ట్స్ హిల్, లేడీస్మిత్, లాంగ్స్ నెక్.

ఇక్కడ ఒకటి గమనించండి. సైన్యం ఇచ్చిన అధికారిక గౌరవాలు ఈ యుద్ధానికి రెండే: "రిలీఫ్ ఆఫ్ లేడీస్మిత్", "సౌతాఫ్రికా 1899-1902". టలానా అన్నది ఏ పటాలానికీ గౌరవంగా ఇవ్వలేదు. కొలెన్సో ఓటమి, దానికీ ఇవ్వలేదు. కానీ పటాలం మనుషులు ఎక్కువగా చచ్చిపోయింది అలాంటి చోట్లే. జెండా మీది పేర్లు సైన్యం కార్యాలయం తేల్చినవి. స్మారకం మీదివి చందాలు పోగుచేసిన ఊరివాళ్ళు తేల్చినవి. రెండూ కలవకపోతే చెక్కినవాడు తప్పు చేశాడనుకోకూడదు. ఎవరు ఎందుకు రాయించారో చూడాలి.

జాతీయవాదులు ఈ ఆర్చ్‌కి "ద్రోహుల ద్వారం" అని పేరు పెట్టారు. 1916 ఈస్టర్ తిరుగుబాటులో పార్కులో తిరుగుబాటుదార్లు, చుట్టూ మేడల మీద సైన్యం. ఆ తూటాల దెబ్బలు రాయి మీద ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పూడ్చకుండా వదిలేయడం మంచి పని.

శాసనాల_సుబ్బు:
కమాను వంపు మీది అక్షరాలు ఫొటో తీసేవాళ్ళకి: నడిమధ్యాహ్నం తీస్తే ఏమీ రాదు. అక్షరం గాడిలో నీడ పడాలి. పొద్దునో సాయంత్రమో ఏటవాలు వెలుతురులో తీయండి. లేదా టార్చిలైటుని రాతికి దాదాపు ఆనించినట్టు, పక్కనుంచి పట్టుకుని తీయండి. ఫ్లాష్ ఎదురుగా కొడితే గాడి నిండిపోయి చదును గోడలా వస్తుంది. ఒకే వరసని ఎడమ నుంచి వెలుగుతో ఒకటి, కుడి నుంచి ఒకటి తీసి పక్కపక్కన చూస్తే అరిగిన అక్షరం దొరుకుతుంది.

చేయకూడనివి కూడా చెబుతాను, మన ఊళ్ళలో పాత తెల్లవాళ్ళ సమాధుల దగ్గర ఇవే జరుగుతున్నాయి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి, సుద్ద గాడి అడుగున చేరి వానకి గట్టిపడుతుంది. ఇనప బ్రష్షు పనికిరాదు. గీరినప్పుడు తెగిన తీగముక్క రాతిలో ఉండిపోయి తుప్పు మరక దించుతుంది. ఆసిడ్ అసలొద్దు. గ్రానైటు తట్టుకున్నట్టు కనబడుతుంది గానీ పాలరాయి, సున్నపురాయి ఐతే పైపొర కరిగి అక్షరం అంచు పోతుంది. నాచు పట్టిన రాతికి మామూలు నీళ్ళు, మెత్తటి పీచు బ్రష్షు, కింద నుంచి పైకి తడపడం. పైనుంచి పోస్తే మురికినీళ్ళు పొడిరాయి మీద చారలు కడతాయి. రాయి పెచ్చులూడుతుంటే నీళ్ళు కూడా పోయొద్దు. నల్లరంగుతో అక్షరాలు నింపాలని ఎవరన్నా ఉబలాటపడితే ఆపండి. సగం అరిగిన "3"ని "8"గా దిద్దేస్తారు, ఆ తప్పే ఇక శాశ్వతం.

మౌంట్‌రోడ్డు:
మద్రాసులో ఈ పటాలం మనిషి విగ్రహం ఒకటుంది, అదీ ఈ చర్చలోకి రావాలి. లెఫ్టినెంట్ కల్నల్ జేమ్స్ నీల్. 1857లో మద్రాసు ఫ్యూజిలియర్స్‌ని తీసుకుని కలకత్తా వెళ్ళి అక్కడినుంచి కాశీ, అలహాబాదు, కాన్పూరు మీదుగా నడిచాడు. దారిపొడుగునా విచారణ లేని ఉరితీతలు, ఊళ్ళు తగలబెట్టడం. కాన్పూరులో పట్టుబడినవాళ్ళ చేత నెత్తుటి మరకలు శుభ్రం చేయించి ఆ తరవాత ఉరితీయించాడు. సెప్టెంబరు 25న లక్నోలో తూటా తగిలి చచ్చాడు. టోపీలకి నీలిగుడ్డ తొడుగు ఉండేది కాబట్టి పటాలానికి "నీలి టోపీలు" అన్న మారుపేరు అప్పుడే వచ్చింది. డబ్లిన్ 1వ బెటాలియన్‌కి ఆ పేరు చివరిదాకా ఉంది.

మాథ్యూ నోబుల్ చెక్కిన ఆయన విగ్రహం మౌంట్ రోడ్డులో నిలబెట్టారు. 1927లో దాన్ని తీసెయ్యాలని సత్యాగ్రహం జరిగింది, వాలంటీర్లు జైళ్ళకి వెళ్ళారు. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక విగ్రహాన్ని అక్కణ్ణించి కదిలించారు. ఇప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. పగలగొట్టకుండా మ్యూజియంలో పెట్టడమే సరైన పని అని నా అభిప్రాయం. వాడవీధిలో ఉంటే అది సన్మానం. మ్యూజియంలో ఉంటే సాక్ష్యం.

చిత్రాడ_చెరువు:
ఈ పటాలానికి మొదటి ప్రపంచ యుద్ధంలోనూ మద్రాసు లంకె ఉందా?

లిఫీ_ఒడ్డు:
ఉంది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైన నాటికి డబ్లిన్ 1వ బెటాలియన్ మద్రాసులోనే ఉంది! డిసెంబరుకి ఇంగ్లండ్ చేరి 29వ డివిజన్‌లో కలిసింది. 1915 ఏప్రిల్ 25న గల్లిపొలి కొసన, సెద్దుల్‌బహర్ దగ్గర వి బీచ్‌లో దిగింది.

దిగిన తీరు తెలిస్తేనే సమాధుల సంగతి అర్థమవుతుంది. పటాలంలో ఎక్కువమంది తెరిచిన పడవల్లో ఉన్నారు. చిన్న ఆవిరి పడవ ఒక్కోటి నాలుగేసి తెడ్ల పడవల్ని లాక్కెళ్ళి ఒడ్డు దగ్గర వదిలేస్తుంది, అక్కణ్ణించి తెడ్లు వేసుకుంటూ పోవాలి. మిగిలినవాళ్ళు, మన్‌స్టర్ 1వ బెటాలియన్, హాంప్‌షైర్ వాళ్ళు రివర్ క్లైడ్ అనే పాత బొగ్గు ఓడలో ఉన్నారు. ఓడ పక్కల్లో తలుపులు కోసి వంతెన పలకలు దించి, ఇసుక దాకా బల్లకట్లు పరిచి పరిగెత్తించాలని పథకం. ఓడ అనుకున్నంత దగ్గరికి పోలేదు, బల్లకట్లు నిలవలేదు. ఒడ్డు అర్ధచంద్రాకారంలో పైకి లేచి ఉంటుంది, పైనుంచి తుర్కుల తూటాలన్నీ ఒకచోటికే. పడవల్లో చచ్చినవాళ్ళు పడవల్లోనే ఉండిపోయారు. కమాండింగ్ అధికారి కల్నల్ రూత్, పటాలం కాథలిక్ పాదిరీ విలియం ఫిన్ ఆ రోజే పోయారు. మిగిలిన డబ్లిన్, మన్‌స్టర్ మనుషుల్ని కొన్నాళ్ళపాటు ఒకే బెటాలియన్‌గా కలిపి నడిపారు. దానికి సైనికులు పెట్టుకున్న పేరు "డబ్‌స్టర్స్". కాండోర్ గౌరవం పంచుకున్న రెండు పటాలాలే ఇవి కూడా.

వి బీచ్ సమాధుల తోట ఆ ఒడ్డు మీదే ఉంది. అక్కడ ఫ్రాన్సులో ఉన్నట్టు నిలువు తెల్లరాళ్ళు కనబడవు. ఫ్రాన్సులో ప్రామాణిక రాయి 813 మిల్లీమీటర్ల ఎత్తు, 380 వెడల్పు. గల్లిపొలి నేల జారుడు కాబట్టి అక్కడ పొట్టి దిమ్మె మీద ఏటవాలు పలక పెట్టారు. మనిషి ఆనవాలు దొరకనివాళ్ళ పేర్లు హెలెస్ స్మారక స్తంభం మీద ఉన్నాయి, 20 వేలకి పైగా. ఇంట్లోవాళ్ళు రాయించుకునే చివరి మాటకి 66 అక్షరాల పరిమితి, అక్షరానికి మూడున్నర పెన్నీలు ఖర్చు ఉండేది. అందుకే చాలా రాళ్ళ మీద ఆ చోటు ఖాళీ.

పతకాల_పెట్టె:
ఆన్‌లైన్ వేలాల్లో "గల్లిపొలి డబ్లిన్ పతకం" అని అమ్మేవి చాలా తిరుగుతున్నాయి. కొనేముందు ఇలా చూడండి.

1వ బెటాలియన్ గల్లిపొలి మనిషికి రావలసింది 1914-15 స్టార్ అనే పతకం. 1914 స్టార్ కాదు. అది 1914 ఆగస్టు నుంచి ఫ్రాన్సులో ఉన్న 2వ బెటాలియన్‌లాంటి వాళ్ళది. స్టార్ వెనక నున్నటి చోట నంబరు, హోదా, పేరు, పటాలం ముద్ర వేసి ఉంటాయి. వెండి వార్ మెడల్‌కీ, కంచు విక్టరీ మెడల్‌కీ అంచు చుట్టూ ఉంటాయి. మూడింటి మీదా నంబరు ఒకటే కావాలి. హోదా మాత్రం మారొచ్చు, స్టార్ మీద ప్రైవేటు, మిగతావాటి మీద సార్జెంటు ఉంటే అనుమానం అక్కర్లేదు.

వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు. అంచు అరగదీసి కొత్త పేరు కొట్టినది కాలిపర్‌తో రెండు మూడు చోట్ల కొలిస్తే దొరికిపోతుంది. ఒక దిక్కున కొలత తగ్గుతుంది. భూతద్దంలో ఆకురాయి గీతలు అంచు పొడుగునా కనబడతాయి. పాత అక్షరం అడుగు ఒకటి రెండు మిగిలి ఉంటే ఇక చెప్పేదేముంది.

పతకాల సూచిక కార్డు మీద "మొదట పనిచేసిన రణరంగం" గడిలో 2బి (గల్లిపొలికి గుర్తు) అని, తేదీ గడిలో 25.4.15 అని ఉంటే మనిషి వి బీచ్ దిగిన బెటాలియన్‌తో ఉన్నట్టు. తేదీ ఆగస్టు ఐతే సువ్లా దగ్గర దిగిన 6, 7 బెటాలియన్ల వైపు చూడండి. పతకం మీద బెటాలియన్ నంబరు రాయరు. పటాలం పేరొక్కటే ఉంటుంది. అమ్మేవాడు "1వ బెటాలియన్" అంటే కార్డు అడగండి.

1857 పతకం ఐతే: సెప్టెంబరు 25న జనరల్ హావెలాక్‌తో లక్నో లోపలికి దూసుకెళ్ళిన మద్రాసు ఫ్యూజిలియర్‌కి పతకం రిబ్బను మీద "డిఫెన్స్ ఆఫ్ లక్నో" అన్న లోహపు పట్టీ వస్తుంది. ముట్టడి విడిపించడానికి వెళ్ళినవాడికి "డిఫెన్స్" ఎందుకని అనుమానించకండి. లోపలికి వెళ్ళాక వాళ్ళూ నవంబరు దాకా ముట్టడిలోనే చిక్కుకున్నారు.

దస్త్రాల_దారి:
పతకాల పెట్టె గారి మాటకి దస్త్రాల వైపు నుంచి కొంత కలుపుతాను.

1920కి ముందు సైనికుడి నంబరు పటాలానిది, సైన్యం మొత్తానిది కాదు. డబ్లిన్ పటాలంలో 9,000 చిల్లర నంబరున్న మనిషి ఉంటే మన్‌స్టర్‌లో అదే నంబరుతో ఇంకొకడు ఉంటాడు. నంబరు ఒక్కటే పెట్టి వెతికితే పరాయి మనిషి తగులుతాడు. ఇంగ్లండు పటాలాల్లో 1917లో టెరిటోరియల్ వాళ్ళకి, అంటే ఖాళీ వేళల్లో పనిచేసే స్వచ్ఛంద సైనికులకి, ఆరంకెల నంబర్లు ఇచ్చారు. ఐర్లండ్ పటాలాలకి టెరిటోరియల్ బెటాలియన్లే లేవు, స్పెషల్ రిజర్వు ఉండేది. డబ్లిన్‌కి 3, 4, 5 బెటాలియన్లు అవే. "టెరిటోరియల్ డబ్లిన్ ఫ్యూజిలియర్" అని ఎవరన్నా అమ్మితే ఆ వివరణే తప్పు.

లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో: బెటాలియన్ యుద్ధ డైరీలు డబ్ల్యూ.ఓ. 95, మామూలు సైనికుల సేవా పత్రాలు డబ్ల్యూ.ఓ. 363, పింఛను పత్రాలు 364, పతకాల కార్డులు 372, అధికార్ల దస్త్రాలు 339, 374. 363లో దొరకలేదని మనిషి లేడనుకోకండి. 1940 సెప్టెంబరు బాంబుదాడిలో ఆ గిడ్డంగి కాలింది, సగానికి పైగా పోయాయి. డైరీల్లో మామూలు సైనికుల పేర్లు అరుదు, అధికార్ల పేర్లే ఉంటాయి.

1862కి ముందు మద్రాసు యూరోపియన్లైతే క్యూకి వెళ్ళి లాభం లేదు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్త్రాలు. మద్రాసు సైన్యం హాజరు పట్టీలు ఎల్/ఎంఐఎల్/11, చర్చి రిజిస్టర్ల నకళ్ళు ఎన్/2. బెంగాల్‌కి 10, బొంబాయికి 12, చర్చివి ఎన్/1, ఎన్/3. అంకె పొరబడితే మూడు రోజులు వృథా. పటాలం సంఘం పోగుచేసిన ఉత్తరాలు, ఫొటోలు డబ్లిన్ పియర్స్ వీధి నగర గ్రంథాలయంలో ఉన్నాయి.

బందరు_కోట:
జెండాలు ఇప్పుడు ఎక్కడున్నాయో కూడా చెప్పాలి కదా.

దస్త్రాల_దారి:
విండ్సర్ కోటలో. ఐర్లండ్ విడిపోయాక దక్షిణ ఐర్లండ్ పటాలాలు రద్దయ్యాయి. 1922 జూన్ 12న సెయింట్ జార్జి హాల్లో ఐదవ జార్జి చేతికి జెండాలు అప్పగించారు. జూలై 31తో పటాలం పోయింది. మహాయుద్ధం పేర్లలో పదింటిని జెండా మీద కుట్టించుకోవాలన్న నియమం ఆ తరవాత వచ్చింది. కాబట్టి ఆ జెండా మీద ఆర్కాటు, కాండోర్ ఉంటాయి గానీ సోమ్, గల్లిపొలి ఉండవు. మహాయుద్ధంలో పటాలం మనుషులు 4,700 మందికి పైగా పోయారు.

లిఫీ_ఒడ్డు:
ఆ 4,700 మంది కోసం డబ్లిన్‌లో చూడవలసింది ఆర్చ్ కాదు, ఐలండ్‌బ్రిడ్జ్ తోట. లిఫీ నది ఒడ్డున వాస్తుశిల్పి లచెన్స్ రూపకల్పన. ఢిల్లీ ఇండియా గేటు కూడా ఆయనదే. 1930ల్లో కట్టారు. పని దొరకాలని యంత్రాలు వీలైనంత తక్కువ వాడి, సగం మంది బ్రిటిష్ సైన్యం మాజీలని, సగం మంది ఐరిష్ సైన్యం మాజీలని పెట్టుకున్నారు. నడుమ ఏడున్నర టన్నుల రాయి. నాలుగు రాతి గదులు ఐర్లండ్ నాలుగు రాష్ట్రాలకి గుర్తు. పేర్లు గోడల మీద ఉండవు, పుస్తకాల్లో ఉంటాయి. ఎనిమిది సంపుటాలు, 49,435 పేర్లు, చిత్రకారుడు హ్యారీ క్లార్క్ గీసిన అంచుల బొమ్మలు. తుపాకీ, ముళ్ళకంచె, పూలు కలిపి గీసిన ఆ అంచులు పుటపుటకీ చూడదగ్గవి.

49 వేలని ఐర్లండ్ మృతుల సంఖ్యగా వాడకండి. ఐర్లండ్ పటాలాల్లో చేరిన ఇంగ్లీషువాళ్ళూ అందులో ఉన్నారు. ఐర్లండ్‌లో పుట్టినట్టు తేలేవాళ్ళు సుమారు 31 వేలు.

తోట పూర్తయ్యాక దశాబ్దాలు పాడుబడింది. 1988లో గానీ లాంఛనంగా తెరవలేదు. 2011 మే 18న ఎలిజబెత్ రాణి వచ్చి పూలగుచ్ఛం ఉంచింది.

శాసనాల_సుబ్బు:
మన వైపు ఊరి పలకల గురించి ఒక్క మాట. "ఈ గ్రామం నుంచి ఇంతమంది 1914-1919 మహాయుద్ధానికి వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు" అన్న ఇంగ్లీషు పలకలు దేశమంతా ఊళ్ళలో ఉన్నాయి. వాటిలో పేర్లుండవు, అంకెలే. డబ్లిన్ ఆర్చ్ మీద ప్రైవేటు సైనికుడికి కూడా పేరుంది. ఊరి పలక దొరికితే ఫొటోతోపాటు అది ఏ గోడలో ఉంది, నేల నుంచి ఎత్తెంత, ఏ రాయి అన్నది రాసిపెట్టుకోండి. గోడ కూల్చి కొత్తది కట్టేటప్పుడు ముందు పోయేది ఆ పలకే.

చిత్రాడ_చెరువు:
అందరి మాటలూ కలిపి ఇలా రాశాను, చూడండి:

"1758 డిసెంబరులో ఈ పొలాల్లో విజయనగరం ప్రభువు ఆనంద గజపతి రాజు, ఈస్టిండియా కంపెనీ కల్నల్ ఫోర్డ్ కలిసి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించారు. కాండోర్ అన్న పేరుతో ఈ యుద్ధం మద్రాసు యూరోపియన్ రెజిమెంటు జెండా మీదకెక్కింది. దాని వారసులు రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్. ఇక్కడ పోరాడిన సిపాయిల, కాలిబంట్ల పేర్లు ఎక్కడా చెక్కి లేవు."

బందరు_కోట:
మన్‌స్టర్ వాళ్ళు మళ్ళీ జారిపోయారు. "మద్రాసు, బెంగాల్ యూరోపియన్ రెజిమెంట్ల జెండాల మీదకెక్కింది" అని, "వాటి వారసులు రాయల్ డబ్లిన్, రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్" అని మార్చండి.

పిఠాపురం_పాతపుటలు:
"ఈ పొలాల్లో" బదులు "చందుర్తి దగ్గర" అనండి. బడి ఉన్న చోటే యుద్ధం జరిగిందని పిల్లలు అనుకోకూడదు. చివరి వాక్యం మాత్రం ఒక్క అక్షరం కూడా కదపకండి.

శాసనాల_సుబ్బు:
పాలరాయి వద్దు, పదేళ్ళకి పచ్చబడుతుంది. నల్ల గ్రానైటు, 20 మిల్లీమీటర్ల మందం. అక్షరం ఎత్తు పాతిక మిల్లీమీటర్లకి తగ్గనివ్వకండి. తెలుగు ఒత్తులు గాడిలో కలిసిపోకుండా వరసల మధ్య ఎడం అక్షరం ఎత్తంత ఉంచమని చెక్కేవాడికి కాగితం మీద గీసివ్వండి. చెక్కకముందు పూర్తి సైజు కాగితం గోడకి అంటించి, పది అడుగుల దూరం నుంచి ఇద్దరి చేత చదివించండి.